తెర మీద ఏముండాలి, నోట ఏముండాలి

2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక ఫ్లోరిడాలో నింగికెగసిన 82 సెకన్లకు, దాని ఇంధన ట్యాంకు మీది నురుగు పూతలోంచి ఓ ముక్క ఊడి ఎడమ రెక్కను కొట్టింది. మర్నాడు వీడియోలు పరిశీలిస్తుంటే ఈ సంగతి బయటపడింది. కల్పనా చావ్లాతో కలిపి నౌకలో ఏడుగురు ఉన్నారు. వాళ్లు కక్ష్యలో తిరుగుతుండగానే నేల మీద తర్జనభర్జన మొదలైంది. ఆ దెబ్బ ప్రమాదమా, కాదా? బోయింగ్ ఇంజినీర్లు లెక్కలు కట్టి, స్లైడులు తయారుచేసి నాసా అధికారులకు వివరించారు.

ఆ స్లైడుల్లో ఒకటి తర్వాత ప్రపంచమంతా చర్చకు వచ్చింది. దాని శీర్షిక చదివితే గుండె మీద చెయ్యి వేసుకోవచ్చనిపిస్తుంది. పరీక్షల సమాచారాన్ని బట్టి చూస్తే మన అంచనాలు అవసరానికి మించి జాగ్రత్తగానే ఉన్నాయని దాని భావం. శీర్షిక కింద ఒక బుల్లెట్, దాని కింద చిన్న బుల్లెట్, ఆ కింద ఇంకా చిన్న అక్షరాల్లో మరొకటి. 'చెప్పుకోదగ్గ' అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాట ఆ ఒక్క స్లైడులోనే ఐదుసార్లు, చోటుకో అర్థంలో వస్తుంది. ఇవన్నీ దాటుకుని అట్టడుగుకు చేరితే అసలు విషయం కనిపిస్తుంది. పరీక్షల్లో వాడిన నురుగు ముక్క ఘనపరిమాణం 3 ఘనపు అంగుళాలు. రెక్కను కొట్టిందని అంచనా వేసిన ముక్కది 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. ఆ పరీక్షల ఆధారంగా ఈ దెబ్బ గురించి ఏమీ తేల్చలేం అన్నదే ఆ స్లైడు మొత్తంలో ముఖ్యమైన సంగతి. అది చివరి వరుసలో, కంటికి ఆనని చోట ఉండిపోయింది.

అదే సంగతిని ఇంకోలా చూపించి ఉంటే? 3 ఘనపు అంగుళాలంటే రెండు అగ్గిపెట్టెలంత. 1,920 ఘనపు అంగుళాలంటే 31 లీటర్ల పైమాటే. అంటే ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఒకటిన్నర. తెర మీద ఈ రెంటినీ ఒకే కొలతలో పక్కపక్కన గీసి, 'మనం పరీక్షించింది ఇది, రెక్కకు తగిలింది ఇది' అని రాస్తే చాలు. గదిలో కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా 'మరి ఈ లెక్క దీనికి వర్తిస్తుందా?' అని అడిగేవారు.

ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో కొలంబియా టెక్సాస్ మీద ముక్కలైపోయింది. ఏడుగురూ చనిపోయారు. జూలైలో దర్యాప్తు బృందం శాన్ ఆంటోనియోలో ఒక పరీక్ష చేయించింది. గ్యాస్ తుపాకీతో అలాంటి నురుగు ముక్కను రెక్క అంచు భాగానికి గురిచూసి కొట్టించారు. జానెడున్నర పైచిలుకు వెడల్పున కన్నం పడింది. ఆగస్టులో వచ్చిన దర్యాప్తు నివేదిక ఎన్నో కారణాలను ఎత్తిచూపింది. వాటిలో స్లైడుల సంగతి కూడా ఉంది. లోతైన సాంకేతిక నివేదికలు రాయాల్సిన చోట పవర్‌పాయింట్‌తో సరిపెట్టే అలవాటు నాసాలో పాతుకుపోయిందని అది తప్పుపట్టింది. స్లైడు నౌకను కూల్చలేదు. ప్రమాదాన్ని ఆపే అవకాశం ఎక్కడైనా ఉందేమో చూడమని గట్టిగా చెప్పాల్సిన చోట చెప్పలేకపోయింది.

మనలో చాలామంది రాకెట్లు నడపం. అయినా ఏడాదికి ఒక్కసారైనా తెర ముందు నిలబడతాం. కాలేజీ సెమినార్, ఆఫీసు సమీక్ష, బ్యాంకు రుణం కోసం స్వయం సహాయక సంఘం వివరణ, బడిలో తల్లిదండ్రుల సమావేశం, అన్నీ ఇందులోకే వస్తాయి. 'బొమ్మలు పెట్టండి, కథ చెప్పండి' అనే సలహా అందరూ ఇస్తారు. బొమ్మ ఎందుకు పనిచేస్తుంది, కథ ఎప్పుడు చెరుపు చేస్తుంది అన్నది మాత్రం ఎవరూ వివరించరు. దశాబ్దాలుగా మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో దీనికి చాలావరకు జవాబు ఉంది. టూకీగా చెప్పాలంటే, తెర పోలికను చూపించాలి, నోరు కారణాన్ని చెప్పాలి. ఒకదాని పని ఇంకొకటి చేయబోతే రెండూ చెడతాయి.

బుర్రలో ఒకేసారి పట్టేది ఎంత?

అప్పటికప్పుడు విన్నదాన్ని పట్టుకుని దానితో పనిచేసే మెదడు సామర్థ్యాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. 1956లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ మనిషి ఒకేసారి ఏడు అంశాలను, అటూ ఇటూగా రెండు తేడాతో, గుర్తుపెట్టుకోగలడని రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ తర్వాతి ప్రయోగాలన్నీ పరిశీలించి ఆ సంఖ్యను నాలుగు దగ్గరకు తగ్గించాడు. మననం చేసుకోవడానికి, గుంపులు కట్టుకోవడానికి వీల్లేని పరిస్థితిలో నాలుగే గగనం. పన్నెండు బుల్లెట్లున్న స్లైడును ఇరవై సెకన్లు చూపించి, మీదికి మాట్లాడుతూ పోయే వక్త ఆ నాలుగు గదుల్లో పన్నెండు కుటుంబాలను దించబోతున్నాడన్నమాట.

ఇంకో చిక్కు ఉంది. 1974లో బ్రిటన్‌కు చెందిన అలన్ బాడెలీ, గ్రాహం హిచ్ వర్కింగ్ మెమరీలో విడివిడి విభాగాలున్నాయని ప్రతిపాదించారు. ఒకటి మాటలను, శబ్దాలను మోస్తుంది. మరొకటి ఆకారాలను, అవి ఉన్న చోట్లను మోస్తుంది. మనం అక్షరాలను కంటితో చదువుతాం నిజమే, కానీ చదివిన మాట లోపల చాలావరకు ధ్వనిగా మారుతుంది. అందుకే తెర మీద వాక్యాలు నింపి, వాటినే పైకి చదివితే రెండూ ఒకే విభాగం మీద పడతాయి. పైగా జనం మనం మాట్లాడే వేగం కన్నా త్వరగా చదివేస్తారు. మనం మూడో వాక్యం దగ్గర ఉంటే వాళ్లు ఆరోదానికి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, ఏది చెవిన పడిందో ఏది కంట పడిందో తేల్చుకోలేక ఫోను తీస్తారు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖలో రిచర్డ్ మేయర్ దశాబ్దాల పాటు ఇదే విషయం మీద ప్రయోగాలు చేశాడు. పిడుగు ఎలా పుడుతుంది, సైకిల్ పంపు ఎలా పనిచేస్తుంది లాంటి చిన్న పాఠాలను రకరకాలుగా చూపించి, ఎవరికి బాగా అర్థమైందో పరీక్షించాడు. బొమ్మతో పాటు మాట వినిపిస్తే, ఉత్త మాట కన్నా బాగా అర్థమవుతుంది. బొమ్మ, మాట ఉన్న చోట అదే మాటను అక్షరాల్లో కూడా వేస్తే అర్థం చేసుకోవడం తగ్గుతుంది.

దీనికి మినహాయింపు ఉంది, అది మనకు బాగా పనికొస్తుంది. వినేవాళ్లకు ఆ భాష అంతగా రాకపోయినా, మాటలు కొత్త సాంకేతిక పదాలైనా, తెర మీద ఒకటి రెండు ముఖ్యమైన మాటలు రాసి ఉండటం మేలు చేస్తుంది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో, ప్రభుత్వ శిక్షణ తరగతుల్లో స్లైడు ఇంగ్లిష్‌లో ఉంటుంది, వివరణ తెలుగులో సాగుతుంది. అలాంటి చోట నిండు ఇంగ్లిష్ వాక్యాలు తీసేసి, పదం ఒక్కటే ఉంచి, దాని పక్కన బొమ్మ పెడితే విద్యార్థి చెవిని తెలుగుకు వదిలేయగలుగుతాడు.

బొమ్మ బలం, దాని చుట్టూ పుట్టిన కట్టుకథలు

1967లో రోజర్ షెపర్డ్ కొందరికి 612 బొమ్మలు వరసగా చూపించాడు. తర్వాత రెండేసి బొమ్మలు ముందుంచి, వీటిలో ఇందాక చూసింది ఏది అని అడిగితే నూటికి 97 దాకా సరిగ్గా చెప్పారు. మాటలతో ఇదే పరీక్ష పెడితే నూటికి 88 దగ్గర ఆగింది. 1973లో కెనడాకు చెందిన లయొనెల్ స్టాండింగ్ మరీ ముందుకెళ్లి, ఐదు రోజుల పాటు 10,000 బొమ్మలు చూపించాడు. అప్పుడు కూడా నూటికి ఎనభైకి పైగా గుర్తుపట్టారు. బొమ్మ ఆకారంగానూ, పేరుగానూ రెండు చోట్ల నమోదవుతుంది కాబట్టి రెండు దారుల్లోనూ వెతుక్కోవచ్చని అలన్ పైవియో 1971లో వివరణ ఇచ్చాడు.

ఇక్కడే జాగ్రత్త అవసరం. 'ఇది ఇందాక చూశాను' అనడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. సూర్యోదయం ముందు చేతులు చాచిన మనిషి ఫొటో మీద 'మన లక్ష్యం' అని రాస్తే, ఆ ఫొటో గుర్తుంటుంది, లక్ష్యం ఏమిటో గుర్తుండదు. చెప్పే విషయంతో సంబంధం లేని బొమ్మ ఉత్త అలంకారం, చాలాసార్లు అడ్డం కూడా.

ఈ రంగంలో చెలామణీ అయ్యే అంకెలు కొన్ని పుక్కిటి పురాణాలు. చదివింది పది శాతం, విన్నది ఇరవై శాతం, చూసింది ముప్పై శాతం, చేసింది తొంభై శాతం గుర్తుంటుందనే పట్టిక మీరూ చూసే ఉంటారు. బీఈడీ, టెట్‌కు చదివినవాళ్లకు ఎడ్గార్ డేల్ 'అనుభవ శంఖువు' కంఠతా ఉంటుంది. 1946లో డేల్ తన పుస్తకంలో గీసిన శంఖువులో ఒక్క శాతం అంకె కూడా లేదు. ప్రత్యక్ష అనుభవం నుంచి ఉత్త మాటల దాకా బోధనా సాధనాలను వరసలో పెట్టడమే ఆయన చేసిన పని. అంకెలు తర్వాత ఇంకెవరో తగిలించారు. మనుషుల జ్ఞాపకం అలా పది, ఇరవై, ముప్పై అని గుండ్రటి అంకెల్లో ఒదగదని కొంచెం ఆలోచిస్తేనే తెలుస్తుంది. బొమ్మను మెదడు అక్షరాల కన్నా అరవై వేల రెట్లు వేగంగా గ్రహిస్తుందనే మాటా అంతే, దాని వెనక ఏ ప్రయోగమూ లేదు. కొందరు చూసి నేర్చుకునేవాళ్లు, కొందరు విని నేర్చుకునేవాళ్లు, వాళ్లకు తగ్గట్టే చెప్పాలనే సిద్ధాంతాన్ని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం పరిశీలించి, దాన్ని నిలబెట్టే గట్టి ఆధారం లేదని తేల్చింది. బొమ్మా మాటా తగిన పాళ్లలో కలిస్తే అందరికీ మేలే.

చేర్యాల పటం ముందు

బొమ్మను, మాటను కలపడం తెలుగువాళ్లకు కొత్త కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు మొదట గోడకు తగిలించుకోవడానికి పుట్టినవి కావు, కథ చెప్పడానికి పుట్టినవి. ఖాదీ గుడ్డకు చింతగింజల గంజి, సుద్దమట్టి, జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా ఘట్టాలు వేస్తారు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైగా పొడవుండే పటాలున్నాయి. కాకిపడగల వాళ్లు ముదిరాజులకు పాండవుల కథ, కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలి వాళ్లు మాదిగలకు జాంబ పురాణం ఈ పటాల ముందే చెబుతూ వచ్చారు.

ఆ ప్రదర్శన తీరు గమనించండి. పటం మొత్తం ఒకేసారి విప్పరు. చుట్టలోంచి ఒక్కో ఘట్టం బయటికి వస్తుంది, దాని కథ అయ్యాకే తర్వాతిది. మేయర్ పరిశోధనల్లో పాఠాన్ని ముక్కలుగా విడదీసి చెప్పడం అనేది ఒక సూత్రం. కథకుడి చేతిలో కర్ర ఉంటుంది, ఇప్పుడు మాట్లాడుతున్నది ఏ పాత్ర గురించో ఆ కర్ర మొన చూపిస్తుంది. చూపును ముఖ్యమైన చోటికి మళ్లించడం ఇంకో సూత్రం. పటం మీద చదవాల్సిన వ్యాసం ఉండదు. మాట, పాట, దరువు అన్నీ చెవికే. కన్ను బొమ్మ మీదే ఉంటుంది. రాత్రంతా కూర్చున్నా జనం లేచిపోకపోవడానికి కథ రక్తి ఒక్కటే కారణం కాదు. కంటికీ చెవికీ పని సమంగా పంచి ఇచ్చే ఈ అమరికకూ అందులో వాటా ఉంది.

స్లైడుకు దీన్ని అన్వయించడం సులువు. గ్రాఫు మొత్తం ఒకేసారి వేయకుండా ముందు అక్షాలు చూపించి, ఏది ఏమిటో చెప్పి, తర్వాత గీత వేయండి. పది గీతలున్న గ్రాఫులో మీరు మాట్లాడే ఒక్కదానికి రంగు ఇచ్చి, మిగతా తొమ్మిదింటిని బూడిద రంగులోకి నెట్టండి.

ఏ లెక్కకు ఏ బొమ్మ

అంకెలను బొమ్మగా మార్చేటప్పుడు కన్ను దేన్ని బాగా కొలుస్తుందో తెలియాలి. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ దీన్ని పరీక్షించారు. ఒకే కొలబద్ద మీద రెండు బిందువుల స్థానాలు పోల్చడంలో మనుషులు బాగా రాణిస్తారు. గీతల పొడవు తర్వాత. కోణాలు, వైశాల్యాలు వచ్చేసరికి తప్పులు పెరుగుతాయి. ఘనపరిమాణం, రంగు గాఢత ఇంకా కిందికి పోతాయి. అందుకే 23, 25, 27 శాతాలున్న మూడు ముక్కలను గుండ్రటి పై చార్టులో చూపిస్తే ఏది పెద్దదో చెప్పడానికి కళ్లు చికిలించాలి. బార్ గ్రాఫులో అయితే చూడగానే తెలుస్తుంది. పై చార్టును వాలుగా, మందంగా, త్రీడీలో తిప్పితే ముందున్న ముక్క లేనిపోని పెద్దరికం తెచ్చుకుంటుంది.

బార్ గ్రాఫులో పొడవే మాట్లాడుతుంది కాబట్టి దాని అడుగు సున్నా దగ్గర మొదలవ్వాలి. ఇది పాటించకపోతే ఎలా ఉంటుందో కాలేజీల ప్రకటనల్లో చూడొచ్చు. పక్క కాలేజీ ఉత్తీర్ణత 92 శాతం, వీళ్లది 94. అక్షాన్ని 90 దగ్గర మొదలుపెడితే వీళ్ల కడ్డీ పక్కవాళ్లదానికి రెట్టింపు ఎత్తు కనిపిస్తుంది. అంకెలు అబద్ధం కావు, బొమ్మ అబద్ధం చెబుతోంది. అదే గంట గంటకూ మారే ఉష్ణోగ్రత లాంటి దాన్ని గీతగా వేస్తే సున్నా నుంచే మొదలవ్వాలనే నియమం లేదు, అక్కడ చూడాల్సింది ఎత్తుపల్లాలే. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మీదే అర్థమంతా ఆధారపడేలా గ్రాఫు గీయకూడదు. ఆ రెండూ ఒకేలా కనిపించే మగవాళ్లు సభలో ఒకరిద్దరైనా ఉండొచ్చు.

శీర్షిక సంగతీ చూడాలి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన మైకేల్ ఆలీ ఇంజినీర్లకు ఒక పద్ధతి నేర్పుతాడు. స్లైడు పైన 'ఫలితాలు' అని ఒక్క మాట పెట్టకుండా, తేలిన విషయాన్ని నిండు వాక్యంగా రాయాలి. కింద బుల్లెట్లు కాకుండా దానికి రుజువుగా ఒక బొమ్మో గ్రాఫో ఉంచాలి. 'పాల సేకరణ వివరాలు' అనే శీర్షిక ఏమీ చెప్పదు. 'రెండో కేంద్రం తెరిచాక సాయంత్రపు పాల సేకరణ పెరిగింది' అంటే గ్రాఫులో దేన్ని చూడాలో ముందే తెలుస్తుంది. ఆ వాక్యం రాయలేకపోతే మనకే విషయం తేలలేదని అర్థం, స్లైడు తయారీ అక్కడ ఆపేసి లెక్కల దగ్గరికి తిరిగి వెళ్లాలి.

కథ చేసే పని

1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమెల్ ఒక చిన్న మూగ చిత్రం తీశారు. అందులో ఉన్నవి ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక వృత్తం, తలుపు లాంటి భాగం ఉన్న దీర్ఘచతురస్రం. అవి కదులుతుంటాయి, అంతే. చూసిన 34 మందిని ఏం జరిగిందో రాయమంటే ఒక్కరు మాత్రమే జ్యామితి భాషలో రాశారు. మిగతావాళ్లంతా పెద్ద త్రిభుజం రౌడీ అని, చిన్నది తిరగబడిందని, వృత్తం భయపడి ఇంట్లో దాక్కుందని రాశారు. ఎవరు, ఏం కోరుకున్నారు, ఏది అడ్డొచ్చింది, ఏమైంది అని అడగడం మనసుకు పుట్టుకతో వచ్చిన అలవాటులా ఉంది.

జ్ఞాపకానికి కథ ఎంత సాయపడుతుందో 1969లో స్టాన్‌ఫర్డ్‌లో గోర్డన్ బోవర్, మైకేల్ క్లార్క్ చూపించారు. ఒక్కో జాబితాలో ఒకదానితో ఒకటి సంబంధం లేని పది మాటలు, అలాంటి జాబితాలు పన్నెండు. ఒక బృందం మామూలుగా బట్టీ పట్టింది. రెండో బృందం ప్రతి జాబితాలోని మాటలనూ కలిపి ఒక చిన్న కథ అల్లుకుంది. చివర్లో అన్ని జాబితాలూ అడిగితే బట్టీ బృందానికి నూటికి 13 మాటలు గుర్తొచ్చాయి, కథల బృందానికి 93. ఒకటి గుర్తొస్తే దాని వెనకే రెండోది రావడానికి కథ దారం కడుతుంది.

ప్రజెంటేషన్‌లో కథ అంటే మధ్యలో ఒక పిట్టకథ చెప్పి నవ్వించడం అనుకుంటారు చాలామంది. విషయాన్నే కారణం, ఫలితం వరసలో నడిపించడం అసలు పని. ఏం జరగాలనుకున్నాం, ఏది అడ్డుపడింది, ఎలా కనిపెట్టాం, ఇప్పుడేం చేయాలి? బుర్రకథలో పక్కనున్న ఇద్దరు వంతలు కథకుడిని ఆపి 'ఎందుకలా?' 'తర్వాతేమైంది?' అని అడుగుతుంటారు. శ్రోత మనసులో ఆ ప్రశ్న పుట్టాకే జవాబు వస్తుంది కాబట్టి జవాబు అంటుకుంటుంది. మన స్లైడుల్లో జవాబులన్నీ ముందే వరసకట్టి ఉంటాయి, ఏ ప్రశ్నకో మాత్రం తెలియదు.

కథ చేసే చెరుపు

కథ బలమే దాని ప్రమాదం కూడా. 1998లో షానన్ హార్ప్, మేయర్ కలిసి పిడుగు పాఠంలో ఆసక్తికరమైన విశేషాలు చేర్చి చూశారు. పిడుగు పడ్డ మనుషుల గురించి, విమానాల గురించి ఇలాంటివి. చదివినవాళ్లకు అవి బాగా నచ్చాయి, పిడుగు ఎలా పుడుతుందో మాత్రం తక్కువ గుర్తుంది. రసవత్తరమైన పిట్టకథ అసలు దారిలోంచి చూపు తిప్పేసింది.

2007లో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ చేసిన ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆఫ్రికాలో ఆకలి గురించి కొందరికి గణాంకాలు ఇచ్చారు, కొందరికి మాలి దేశంలోని ఒక ఏడేళ్ల పాప గురించి చెప్పారు. పాప గురించి చదివినవాళ్లు ఎక్కువ విరాళం ఇచ్చారు. పాప కథకు గణాంకాలు కూడా జోడిస్తే విరాళం తగ్గింది. ఒక్క ముఖం లక్షల సంఖ్య కన్నా మనసును ఎక్కువ కదిలిస్తుంది. మంచి పనికి ఇది సాధనం. నిర్ణయం తీసుకునే చోట ఇదే ఉచ్చు అవుతుంది. కొత్త విత్తనంతో బంపర్ దిగుబడి తీసిన ఒక రైతు ఫొటో చూపించి, అదే విత్తనం వేసి నష్టపోయిన మిగతావాళ్ల సంగతి దాటేస్తే ఆ కథ నిజమే, నిర్ణయం తప్పు. అందుకే కథలో వచ్చే మనిషి మొత్తం లెక్కల్లో ఎక్కడున్నాడో చూపించే గ్రాఫు పక్కనే ఉండాలి. ఆ రైతు సగటు రైతా, వందలో ఒక్కడా అన్నది శ్రోతకు తెలియాలి.

గ్లాసు మంచునీళ్లు

కొలంబియాకు 17 ఏళ్ల ముందు, 1986 జనవరి 28న, ఛాలెంజర్ వ్యోమనౌక లేచిన 73 సెకన్లకే గాల్లో ముక్కలైంది. ఆ ఉదయం ఎముకలు కొరికే చలి. అంతకుముందు ఈ తరహా వ్యోమనౌక ప్రయోగమేదీ అంత చల్లని వాతావరణంలో జరగలేదు. రాకెట్ భాగాల అతుకుల్లోంచి మంట బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయాలు చలికి బిగుసుకుపోతాయని ముందు రాత్రి కొందరు ఇంజినీర్లు మొత్తుకున్నారు. వాళ్లు పంపిన పట్టికల్లో వివరాలు ఉన్నా, ఉష్ణోగ్రతకూ వలయాలు దెబ్బతినడానికీ ఉన్న సంబంధాన్ని ఒకే చూపులో పట్టిచ్చే గ్రాఫు లేకపోయింది.

దర్యాప్తు సంఘంలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ సభ్యుడు. ఫిబ్రవరి 11న బహిరంగ విచారణలో ఆయన ఆ రబ్బరు ముక్కను చిన్న బిగింపులో పెట్టి నొక్కి, ముందున్న గ్లాసు మంచునీళ్లలో ముంచాడు. కాసేపటికి తీసి బిగింపు వదిలాడు. రబ్బరు వెంటనే సాగి మామూలు ఆకారానికి రాలేదు. టీవీలో చూసిన లక్షలాది మందికి అంతకు మించి వివరణ అవసరం కాలేదు. ఫైన్‌మన్ చూపించింది ఒకే ఒక్క పోలిక: వెచ్చగా ఉన్నప్పటి రబ్బరు, చల్లబడ్డాక అదే రబ్బరు. మిగతా వందల పేజీల సాంకేతిక వివరాలు నివేదికలోకి వెళ్లాయి, అవి ఉండాల్సిన చోటు అదే.

ఇది స్లైడు తయారుచేసేవాళ్లందరూ గుర్తుంచుకోవాల్సిన విభజన. అంకెల పట్టికలు, పద్ధతులు, మినహాయింపులు చదువుకునే కాగితంలో ఉండాలి. అది విడిగా రాసి పంచాలి. స్లైడునే నివేదికగా వాడితే అది చదవడానికీ చాలదు, చూడటానికీ పనికిరాదు.

శుక్రవారమే ఎందుకు?

ఇప్పుడు మన ఊళ్లో ఒక ఉదాహరణ తీసుకుందాం. వానలు మొదలయ్యాయి, డెంగీ కేసులు వస్తున్నాయి. మహిళా సంఘం సమావేశంలో ఏఎన్ఎం పావుగంట మాట్లాడాలి. మామూలుగా పైనుంచి వచ్చే స్లైడు ఇలా ఉంటుంది: శీర్షిక 'డెంగీ నివారణ చర్యలు', కింద పది బుల్లెట్లు, మూలన ఒక దోమ బొమ్మ. అందరూ తలూపుతారు, టీ తాగి వెళ్లిపోతారు.

మొదలు పెట్టాల్సింది కంప్యూటరు దగ్గర కాదు. ఈ ఆడవాళ్లు రేపటి నుంచి ఏం చేయాలన్నదే ముందు తేలాలి. ఒక్క వాక్యం: ప్రతి శుక్రవారం ఇంట్లో నీళ్ల తొట్లు, డ్రమ్ములు ఖాళీ చేసి, లోపలి గోడలు గట్టిగా తోమి, ఆరనిచ్చి మళ్లీ నింపాలి. 'ఫ్రైడే డ్రైడే' మాట అందరూ విన్నదే. ఎందుకో తెలిసినవాళ్లు తక్కువ.

ఏఎన్ఎం సంచిలోంచి మూతకు వల కట్టిన గాజు సీసా తీస్తుంది. నీళ్లలో తలకిందులుగా వేలాడుతూ మెలికలు తిరిగే సన్నటి పురుగులు.

"ఇవేంటో చెప్పండక్కా?"

"నీళ్ల పురుగులే కదమ్మా. ఎప్పుడూ ఉండేవే."

"మీ ఇంటి వెనక డ్రమ్ములోవే తెచ్చాను. ఇంకో నాలుగు రోజులుంటే దోమలై మన ఇంట్లోకే వస్తాయి."

ఇప్పుడు సీసా చేతులు మారుతుంది. ఎవరూ ఫోను చూడరు. ఆ తర్వాతే బొమ్మ రావాలి, అదీ ఒక్కటే. శుక్రవారం నుంచి పై ఆదివారం దాకా పది గడులు. మొదటి గడిలో తొట్టి గోడకు నీటి మట్టానికి కాస్త పైన అంటుకున్న గుడ్లు, తర్వాతి గడుల్లో పురుగు, ఆ తర్వాత కామాలా వంగిన ప్యూపా, చివర రెక్కల దోమ. మన ఎండల్లో గుడ్డు నుంచి దోమ దాకా వారం పది రోజులు పడుతుంది. ఎనిమిదో గడి దగ్గర, అంటే మరుసటి శుక్రవారం మీద, నిలువుగా ఒక ఎర్ర గీత. గీతకు ఇవతల అన్నీ నీళ్లలోనే ఉన్నాయి, పారబోస్తే పోతాయి. అవతల రెక్కలొచ్చాయి, ఇక పట్టుకోలేం. వారానికోసారి ఎందుకో, నెలకోసారి ఎందుకు చాలదో ఆ గీత చెప్పేస్తుంది. గోడ తోమడం ఎందుకో కూడా మొదటి గడే చెబుతుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు తడి లేకపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. నీళ్లు పారబోసి తోమకుండా వదిలితే పని సగమే అయినట్టు.

ఇక కథ. ఊళ్లోనే ఒక ఇంట్లో ఏం జరిగిందన్న సంగతి పేర్లు లేకుండా రెండు నిమిషాల్లో చెప్పొచ్చు. వాన తర్వాత పెరట్లో పాత టైరు, టైరులో నీళ్లు, వారం పైన దోమలు, ఇంట్లో ఇద్దరికి జ్వరం, ఆసుపత్రి ఖర్చు. ఒకదాని వెనక ఒకటి. ప్రతి మెట్టు దగ్గర ఆగి, ఇక్కడ ఏం చేసి ఉంటే ఆగిపోయేది అని అడగాలి. జవాబు వాళ్ల నోటే వస్తుంది.

వెంటనే అసలు అడ్డంకి బయటపడుతుంది. "నీళ్లొచ్చేదే నాలుగు రోజులకోసారి. పారబోయమంటే ఎట్లామ్మా?" స్లైడులో ఈ ప్రశ్న లేదు, కానీ సమావేశం ఫలితం దీని మీదే ఆధారపడి ఉంది. నీళ్లు వచ్చిన రోజున పాత నీళ్లను మొక్కలకు, బట్టలకు వాడేసి, నింపే ముందు డ్రమ్ము తోమి, నింపాక మూతి మీద గుడ్డ బిగించి కట్టమని చెప్పొచ్చు. పావుగంటలో ఐదు నిమిషాలు ఈ ఒక్క ప్రశ్నకే ఉంచుకోవాలి.

పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి చప్పట్లు కొలమానం కావు. రెండు రోజుల తర్వాత సమావేశానికి వచ్చిన ఇద్దరు ముగ్గురిని, 'మీ పక్కింటి ఆమె రాలేదు కదా, ఆమెకు శుక్రవారం సంగతి ఎలా చెబుతారు?' అని అడగాలి. 'దోమలు మంచివి కావు, శుభ్రంగా ఉండాలని చెప్పారు' అంటే సీసా గుర్తుంది, విషయం అందలేదు. 'గుడ్డు దోమ కావడానికి వారం దాటుతుంది, ఆలోపే పారబోయాలి, గోడ తోమాలి' అంటే అందింది. మొదటి జవాబే వస్తే పది గడుల బొమ్మలో ఎక్కడో లోపం ఉన్నట్టు. గడులు ఎక్కువయ్యాయేమో, ఎర్ర గీత దగ్గర ఆగకుండా దాటేశారేమో. వచ్చే వారం పక్క ఊరి సమావేశానికి ముందు దాన్ని మార్చి, మళ్లీ అదే ప్రశ్న అడిగి చూడాలి.